అడగని ఉత్తరాలు: రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే సరిపోతుందా, అసలు రాకుండా ఆపే దారి ఉందా?

చెట్టునీడ
అందరికీ నమస్కారం. కాగితం మీద వచ్చే జంక్ మెయిల్ గురించి అన్ని సంగతులూ ఒకచోట మాట్లాడుకుంటే బాగుంటుందని ఈ చర్చ మొదలుపెడుతున్నాను. నేనుండేది అమెరికాలో. బిల్లులు, బ్యాంకు కాగితాలు పక్కన పెడితే మాకు వచ్చేవన్నీ క్రెడిట్ కార్డు ఆఫర్లు, ఇన్సూరెన్స్ కవర్లు, కేటలాగులు, కూపన్ల కట్టలే. ఎప్పుడో ఒక సంస్థకి విరాళం ఇస్తే ఆ తర్వాత పేరు కూడా వినని సంస్థల నుంచి విన్నపాలు మొదలవుతాయి.

రీసైక్లింగ్ డబ్బాలో వేస్తే మన బాధ్యత తీరినట్టే అని చాలామంది అంటారు. నాకలా అనిపించదు. చెట్టు కొట్టి, గుజ్జు చేసి, అచ్చు వేసి, లారీల్లో తిప్పిన తర్వాతే కదా ఆ కాగితం మన చేతికి వచ్చేది. జరగాల్సిన నష్టంలో ఎక్కువ భాగం అప్పటికే జరిగిపోయింది. ఇక్కడి పోస్టల్ సర్వీస్ 2023 ఆర్థిక సంవత్సరంలో చేరవేసిన మార్కెటింగ్ మెయిల్ సుమారు 5,900 కోట్లు, ఫస్ట్ క్లాస్ ఉత్తరాలు సుమారు 4,600 కోట్లు. అంటే మనుషులూ సంస్థలూ పనిగట్టుకుని రాసే ఉత్తరాల కంటే ప్రకటనలే ఎక్కువ.

వీటిని ఎలా ఆపుతున్నారో, ఏది పనిచేసిందో, ఏది పనిచేయలేదో మీ అనుభవం చెప్పండి. ఏ దేశంలో ఉన్నా సరే.

నీలిసిరా
మంచి చర్చ మొదలుపెట్టారు. నేను అలాంటి కవర్ల మీద "రిటర్న్ టు సెండర్" అని రాసి మళ్లీ పోస్టులో వేస్తున్నాను. అయినా వస్తూనే ఉన్నాయి. ఇంకేమైనా చేయాలా?

అచ్చుగది
నీలిసిరా గారూ, అది చాలావరకు పనిచేయదండీ. నేను చాలా ఏళ్లు ఒక మెయిలింగ్ హౌస్‌లో పనిచేశాను, లిస్టులు కలిపి ప్రెస్సుకి పంపే విభాగంలో. కవరు మీద స్టాంపు ఉండే చోట చూడండి. "ప్రీసార్టెడ్ స్టాండర్డ్" అని కుదించిన అక్షరాల్లో గానీ, "మార్కెటింగ్ మెయిల్" అని గానీ అచ్చయి ఉంటే, పంపినవాళ్లు కట్టిన ఆ తక్కువ రేటులో తిరుగు ప్రయాణం ఉండదు. అడ్రస్ దగ్గర "రిటర్న్ సర్వీస్ రిక్వెస్టెడ్" లాంటి మాట ఉంటేనే వెనక్కి వెళ్తుంది. లేకపోతే పోస్టాఫీసే దాన్ని తుక్కులో వేసేస్తుంది. మీరు వద్దన్న సంగతి పంపినవాళ్లకి తెలియదు. ఫస్ట్ క్లాస్‌లో వచ్చిన కవరైతే, విప్పకుండా "రెఫ్యూజ్డ్" అని రాసి ఇవ్వండి, తిరిగి వెళ్తుంది.

అన్నిటికంటే ముందు ఒక విషయం పట్టుకోవాలి. ఈ కాగితాలన్నీ ఒక్కచోటి నుంచి రావు. అందుకే ఒక్కచోట చెబితే ఆగవు. వచ్చినదాన్ని వచ్చినట్టు డబ్బాలో వేయకుండా, ఒక వారం పాటు దాచి, ఎవరు ఏ లిస్టు చూసి పంపారో విడదీయండి.

క్రెడిట్ కార్డు, ఇన్సూరెన్స్ ఆఫర్లకి మూలం క్రెడిట్ బ్యూరోలు, అంటే మన అప్పుల చరిత్ర నమోదు చేసి ఉంచే సంస్థలు. మీ పేరు వాళ్ల లిస్టులో ఉంటుంది, బ్యాంకులు అక్కడ కొనుక్కుంటాయి. వద్దనే హక్కు ఫెయిర్ క్రెడిట్ రిపోర్టింగ్ యాక్ట్ అనే చట్టంలోనే ఉంది. ఆప్ట్‌ఔట్‌ప్రీస్క్రీన్ అనే సైట్‌లో చెబితే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్, ఇన్నోవిస్ నాలుగూ తీసేస్తాయి. ఆన్‌లైన్‌లో చేస్తే 5 ఏళ్లు. అక్కడే వచ్చే ఫారం ప్రింటు తీసి, సంతకం పెట్టి పోస్టులో పంపితే శాశ్వతం. ముందు ఇది చేయండి. కాగితం సంగతి అటుంచి, మీ పేరుతో ఉన్న ఆ దరఖాస్తు దొంగ చేతిలో పడితే అప్పు మీ నెత్తిన పడే ప్రమాదం ఉంది.

కేటలాగులు, విరాళాల కవర్లు వచ్చేది అద్దె లిస్టుల నుంచి. ఒకచోట కొన్నా, ఒకచోట విరాళం ఇచ్చినా ఆ పేరు అద్దెకి తిరుగుతుంది. ఒక లిస్టు అద్దెకి తీసుకుంటే మామూలుగా ఒక్కసారే వాడాలి. రెండోసారి వాడితే పట్టుకోవడానికి లిస్టు యజమానులు అందులో తమ మనుషుల పేర్లు కొన్ని కలిపి ఇస్తారు. ఆ కవరు చూసి మీరు ఏదైనా కొనగానే, లేదా విరాళం ఇవ్వగానే మీరు అద్దె పేరు కాదు, వాళ్ల సొంత పేరు అయిపోతారు. అక్కడి నుంచి ఇక ఆగదు.

ఇక మూడో రకం పేరు లేకుండా "పోస్టల్ కస్టమర్" అని వచ్చేది. దాని గురించి వేరేగా రాస్తాను, అది మొండిది.

చెట్టునీడ
ఇలా ఎవరూ విడదీసి చెప్పలేదండీ, చాలా థాంక్స్. ఆ క్రెడిట్ సైట్‌లో సోషల్ సెక్యూరిటీ నంబరు అడుగుతోంది. ఇవ్వొచ్చా?

అచ్చుగది
ఆ నంబరు బ్యూరోల దగ్గర ముందే ఉంటుంది, మిమ్మల్ని గుర్తుపట్టడానికే అడుగుతారు. అయితే పేరు దగ్గరగా ఉండే నకిలీ సైట్లు ఉండొచ్చు కాబట్టి సెర్చ్‌లో వచ్చిన మొదటి లింకు నొక్కకండి. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సైట్‌లోకి వెళ్లి అక్కడి లింకు నుంచే వెళ్లండి.

మల్లెపందిరి
మాది వేరే బాధ. మా మామయ్యగారు పోయి చాలా కాలమైంది. ఆయన పేరుతో ఇప్పటికీ వినికిడి మిషన్ల ప్రకటనలు, విరాళాల కవర్లు వస్తున్నాయి. కొన్నిటి మీద పేరుకి ముందు "ప్రియమైన" అని చేతిరాతలా అచ్చేస్తారు. కవరు మా అత్తయ్యగారి కంట పడితే ఆ రోజంతా ఆవిడ ఇంకేమీ మాట్లాడరు. ఒక్కో కంపెనీకి ఫోన్ చేసి చెప్పడం నా వల్ల కావట్లేదు. ఒక్కసారే ఆపే మార్గం ఏదైనా ఉందా?

అచ్చుగది
ఉందమ్మా. ప్రకటనల ఉత్తరాలు వద్దని నమోదు చేసుకునే డీఎంఏఛాయిస్ అనే సేవలోనే చనిపోయినవారి పేర్లకి ప్రత్యేకంగా ఒక లిస్టు ఉంది. దాన్ని అసోసియేషన్ ఆఫ్ నేషనల్ అడ్వర్టైజర్స్ నడుపుతుంది. ఇంట్లోవాళ్లు ఎవరైనా నమోదు చేయొచ్చు. అయితే మామయ్యగారు విరాళం ఇచ్చిన సంస్థల దగ్గర ఆయన పేరు సొంత లిస్టులో ఉంటుంది, వాటికి మాత్రం విడిగా చెప్పక తప్పదు.

ఫోన్ చేసేటప్పుడు కవరు చేతిలో పెట్టుకోండి. అడ్రస్‌కి పైన, లేదా కేటలాగు వెనక అట్ట మీద రంగు గడిలో అక్షరాలూ అంకెలూ కలిసిన ఒక కోడ్ ఉంటుంది. మీ పేరు ఏ లిస్టు నుంచి వచ్చిందో చెప్పేది అదే. ఆ కోడ్ చదివి, "ఈ పేరు ఎవరి దగ్గర తీసుకున్నారు?" అని అడగండి. మూలం దొరికితే అక్కడ ఒక్కసారి చెబితే చాలా చోట్ల ఆగుతుంది.

పొగమంచు
యూకే నుంచి. మల్లెపందిరి గారూ, ఇక్కడ ఆ పనికి ది బిరీవ్‌మెంట్ రిజిస్టర్ అని ఉంది, ఉచితం. మా అమ్మ విషయంలో వాడాము, బాగా తగ్గాయి. బతికున్నవాళ్లకైతే మెయిలింగ్ ప్రిఫరెన్స్ సర్వీస్, అది 1983 నుంచీ నడుస్తోంది. పేరుతో వచ్చేవాటికే పనికొస్తుంది. పేరు లేని కరపత్రాలు పోస్ట్‌మ్యాన్ తెస్తుంటే రాయల్ మెయిల్‌కి వేరేగా డోర్ టు డోర్ ఫారం ఇవ్వాలి.

ఇక్కడ ఇంకొక బలం జీడీపీఆర్, అంటే వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం. ఆర్టికల్ 21 ప్రకారం మార్కెటింగ్ కోసం నా వివరాలు వాడొద్దంటే వాళ్లు కారణం అడగడానికి లేదు, ఆపాల్సిందే. ఒక్క ఈమెయిల్ రాస్తే చాలు. మా ఇంట్లో ఎక్కువ ఫలితం కనబడింది దీనితోనే.

లెక్కలమాస్టారు
చర్చ బాగుంది గానీ, రీసైక్లింగ్‌ని మరీ తీసిపారేయకండి. చెత్తకుప్పలో పూడిన కాగితం గాలి తగలకుండా కుళ్లి మిథేన్ వదులుతుంది. 100 ఏళ్ల లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే అది దాదాపు 28 రెట్లు వేడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి ఆపలేకపోయినదాన్ని రీసైక్లింగ్‌కి పంపడం చిన్న విషయం కాదు. ఒక కాగితం పీచు సుమారు 5 నుంచి 7 సార్లు మళ్లీ కాగితం కాగలదు. ప్రతిసారీ పొట్టిదైపోతుంది కాబట్టి కొత్త పీచు కలపక తప్పదు, అది నిజమే.

అయితే జంక్ మెయిల్‌ని ఉన్నపళంగా డబ్బాలో వేయకూడదు. నమూనా క్రెడిట్ కార్డులు, ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతాలు, ప్లాస్టిక్ తొడుగులు, రేకు మెరుపు అట్టలు తీసేయాలి. కేటలాగు మీద ఉండే మెరుపు చాలావరకు తెల్లమట్టి పూత, ప్లాస్టిక్ కాదు. అది గుజ్జులో విడిపోతుంది, ఫరవాలేదు. విండో కవర్లు చాలా మిల్లులు తీసుకుంటాయి. నిజంగా ఇబ్బంది పెట్టేది జిగురు. అడ్రస్ స్టిక్కర్ల బంక గుజ్జులో చిన్న చిన్న ముద్దలుగా తేలి, కొత్త కాగితం మీద మచ్చలు పడేలా చేస్తుంది. విరాళాల కవర్లలో ఉచితంగా వచ్చే ఆ పేర్ల స్టిక్కర్ల షీట్లు రీసైక్లింగ్‌లో అస్సలు వేయకండి.

ఇంకొకటి, ష్రెడ్డర్. పేరు కనబడకూడదని కాగితాలన్నీ ముక్కలు చేసేవాళ్లున్నారు. ఆ సన్నని ముక్కలు వేరుచేసే యంత్రాల జల్లెడల్లోంచి జారి గాజు ముక్కల్లోనో చెత్తలోనో కలిసిపోతాయి. అందుకే చాలా ఊళ్లలో తీసుకోరు. పేరూ నంబరూ ఉన్న మూల మాత్రమే చింపి ముక్కలు చేయండి, మిగతాది మామూలుగా వేయండి.

నీలిసిరా
ఆ స్టిక్కర్ల సంగతి తెలియదు. చాలా ఉపయోగపడే మాట.

తపాలాబంధు
నా మాట కొంచెం వేరుగా ఉంటుంది, సహించండి. మా ఇంట్లో ఒకరు పోస్టల్ క్యారియర్. మీరు చెత్త అంటున్న ఈ మెయిల్ ఆదాయం లేకపోతే, దూరాన విసిరేసినట్టుండే పల్లెల్లో ఒంటరి ఇళ్లకి మందులూ పెన్షన్ కాగితాలూ రోజూ చేర్చే వ్యవస్థ నిలబడటం కష్టం. మామూలు ఉత్తరాలు ఏటేటా తగ్గిపోతున్నాయి. చిన్న వ్యాపారం పెట్టుకున్నవాళ్లకి చుట్టుపక్కల ఇళ్లకి తమ సంగతి చెప్పుకోవడానికి ఇది అందుబాటులో ఉన్న మార్గం. అన్నీ ఆపేయాలంటున్నప్పుడు ఈ సంగతి కూడా చూడండి.

అలాగే దయచేసి క్యారియర్‌తో "ఇవి మా డబ్బాలో వేయకు" అని గొడవ పడకండి. పోస్టేజీ కట్టిన ప్రతి కాగితం చేర్చడం వాళ్ల డ్యూటీ. "ఆర్ కరెంట్ రెసిడెంట్" అని ఉంటే పేరున్న మనిషి వెళ్లిపోయినా ఆ ఇంట్లో వేయాల్సిందే.

చెట్టునీడ
తపాలాబంధు గారూ, మీరు చెప్పింది న్యాయమైన మాట. క్యారియర్ల మీద కోపం ఎవరికీ ఉండకూడదు. ఎండలో వానలో ఆ బరువు మోసేది వాళ్లే. కానీ ఆదాయం కోసం కోట్ల కాగితాలు చదవకుండా పారేయడానికి తయారుచేయడం మంచి పద్ధతి అని నేను ఒప్పుకోలేను. పోస్టల్ సేవ అందరికీ కావాలి, దానికి డబ్బు వేరే మార్గంలో రావాలి. కోరుకున్నవాళ్లకి ప్రకటనలు వెళ్లనివ్వండి. కోరుకోనివాళ్లకి పంపడం ఆ వ్యాపారానికీ దండగే కదా.

అచ్చుగది
చెట్టునీడ గారి చివరి మాట లోపలినుంచి చూసినవాడిగా నేనూ ఒప్పుకుంటాను. పరిచయం లేని లిస్టుకి పంపితే నూటికి ఒకరిద్దరు స్పందించినా మా దగ్గర బాగా నడిచిందనేవాళ్లు. మిగతా తొంభై ఎనిమిది కాగితాలూ లెక్కలో ముందే పోయినట్టు. వద్దన్నవాళ్లని తీసేస్తే పంపేవాళ్లకీ ఖర్చు తగ్గుతుంది. అందుకే మంచి కంపెనీలు తీసేయమంటే తీసేస్తాయి.

కానీ మా పనిలోనే ఒక చిక్కు ఉంది. పది లిస్టులు కలిపి, ఒకే మనిషి రెండుసార్లు ఉంటే ఒకటి తీసేస్తాం. పేరు స్పెల్లింగ్ ఒక అక్షరం తేడా ఉన్నా, ఒకచోట ఇంటిపేరు ముందూ ఇంకోచోట వెనకా ఉన్నా కంప్యూటర్‌కి ఇద్దరు మనుషులుగా కనబడొచ్చు. మన తెలుగు పేర్లతో ఇది మరీ ఎక్కువ. ఒకే ఇంటికి ఒకే కేటలాగు మూడు వస్తే కారణం అదే. తీసేయమని చెప్పేటప్పుడు కవర్ల మీద ఎన్ని రకాలుగా పేరు పడిందో అన్ని రకాలూ చెప్పండి.

ఇంకా, చెప్పిన వెంటనే ఆగలేదని వదిలేయకండి. వచ్చే రెండు మూడు నెలల మెయిల్‌కి అడ్రస్‌లు అప్పటికే ప్రెస్సుకి వెళ్లిపోయి ఉండొచ్చు.

వానచినుకు
నేను నెదర్లాండ్స్‌లో ఉంటాను. మీరు చెబుతున్న ఫారాలూ ఫోన్లూ చూస్తుంటే బాధేస్తోంది. ఇక్కడ చాలా ఊళ్లలో తలుపు మీద ఒక స్టిక్కర్ అంటిస్తే పని అయిపోతుంది. దాని మీద రెండు మాటలుంటాయి, ప్రకటనలకి ఒకటి, ఉచితంగా పంచే స్థానిక పేపర్లకి ఒకటి. "వద్దు, వద్దు" అంటే రెండూ వేయరు. "వద్దు, సరే" అంటే పేపరు మాత్రం వేస్తారు.

ఆమ్‌స్టర్‌డామ్ ఇంకో అడుగు ముందుకేసింది. 2018 జనవరి నుంచి అక్కడ "సరే" అనే స్టిక్కర్ ఉంటేనే ప్రకటనలు వేయాలి. స్టిక్కర్ లేని తలుపుకి ప్రకటనలేవీ వేయకూడదు. ప్రింటింగ్, పంపిణీ వ్యాపారాలవాళ్లు కోర్టుకి వెళ్లారు. 2021లో దేశ సుప్రీంకోర్టు నగరానికి ఆ అధికారం ఉందని తీర్పు చెప్పింది. నా దృష్టిలో ఈ చర్చ మొత్తానికి కీలకం ఇదే. కాగితం వద్దని ప్రతివాడూ పోరాడాలా, కావాలనుకున్నవాడు ఒక్కమాట చెప్పాలా?

జర్మనీలో కూడా డబ్బా మీద ప్రకటనలు వద్దని రాసి ఉంటే వేయకూడదని వాళ్ల ఫెడరల్ కోర్టు 1988లోనే తేల్చింది.

మేపుల్ఆకు
కెనడాలో పేరు లేని ప్రకటనలు వద్దని డబ్బా మీద చీటీ అంటిస్తే కెనడా పోస్ట్ ఆపేస్తుంది. మాంట్రియాల్ నగరంలో 2023 మే నుంచి కోరుకున్న ఇళ్లకే ఫ్లయర్లు పంచాలి. అంతకుముందు ఆ ఫ్లయర్ల కట్ట ప్లాస్టిక్ సంచిలో తలుపుకి వేలాడేది, చాలామంది సంచి విప్పకుండానే రీసైక్లింగ్‌లో వేసేవాళ్లు. సంచి విడదీయడం సార్టింగ్ చేసేవాళ్లకి పెద్ద తలనొప్పి.

నీలిసిరా
అమెరికాలో కూడా స్టిక్కర్ అంటిస్తే సరిపోదా మరి?

అచ్చుగది
పోస్టులో వచ్చేవాటికి సరిపోదండీ. 2011లో పోస్టల్ సర్వీసే ఎవ్రీ డోర్ డైరెక్ట్ మెయిల్ అని మొదలుపెట్టింది. పేరూ అడ్రసూ అక్కర్లేదు, ఒక క్యారియర్ తిరిగే రూటు ఎంచుకుంటే ఆ రూటులో ప్రతి ఇంటికీ వేస్తారు. లిస్టే లేనప్పుడు పేరు తీయడానికి ఏముంటుంది? నేను ముందు మొండిది అన్నది దీన్నే. అందులో ఉన్న వ్యాపారానికి నేరుగా చెప్పడం ఒక్కటే దారి.

పేరుతో పదేపదే పంపి ఎంత చెప్పినా వినని కంపెనీ ఉంటే ఒక బలమైన ఆయుధం ఉంది. పోస్టాఫీసులో ఫారం 1500. అశ్లీలమైన ప్రకటనల కోసం పెట్టిన చట్టం అది. కానీ ఏది అశ్లీలమో తేల్చే అధికారం పూర్తిగా అందుకున్న మనిషిదే అని 1970లో రోవన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వచ్చిన కాగితాన్ని జతచేసి ఫారం ఇస్తే, పోస్టల్ సర్వీస్ ఆ కంపెనీకి నిషేధ ఉత్తర్వు పంపుతుంది. ఉత్తర్వు అందిన 30 రోజుల తర్వాత మళ్లీ పంపితే చట్టాన్ని అతిక్రమించినట్టే. చిన్నదానికల్లా వాడకండి, మిగతా దారులన్నీ మూసుకుపోయినప్పుడు వాడండి.

గువ్వ
కాగితం బదులు అన్నీ ఈమెయిల్‌కి మార్చుకుంటే సరిపోతుంది కదా అనుకునేదాన్ని. ఈమధ్య ఈమెయిల్ కూడా పర్యావరణానికి చేటే, పాతవన్నీ డిలీట్ చేయండి అని అందరూ ఫార్వర్డ్ చేస్తున్నారు. ఏది నిజం?

లెక్కలమాస్టారు
రెండిట్లోనూ కొంత నిజముంది గువ్వ గారూ. కంప్యూటర్ భద్రత సాఫ్ట్‌వేర్ చేసే మెకాఫీ సంస్థ 2009లో స్పామ్ మీద ఒక అంచనా వేయించింది. ఒక్కో స్పామ్‌కి 0.3 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ అని తేల్చారు. అప్పటి లెక్క అది, ఇప్పుడు పరికరాలు మారాయి. అందులో మనకి పనికొచ్చే సంగతి వేరే ఉంది. ఆ శక్తిలో దాదాపు 80 శాతం ఖర్చయ్యేది మనుషులు స్పామ్ తెరిచి చూసి తీసేయడానికీ, అందులో తప్పిపోయిన మంచి ఉత్తరాలు వెతకడానికీ. కాబట్టి గంటలకొద్దీ కూర్చుని పాత మెయిళ్లు డిలీట్ చేస్తే ఆ స్క్రీన్ వెలిగినందుకయ్యే కరెంటే ఎక్కువ కావచ్చు. వచ్చేదాన్ని ఆపడం మేలు, ఇక్కడా అదే సూత్రం.

ఆపడం ఇప్పుడు సులువైంది కూడా. పెద్ద ఎత్తున (జీమెయిల్ లెక్కలో రోజుకి 5,000 మించి) పంపేవాళ్లు ప్రకటనల మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా మానే బటన్ పెట్టాలనీ, రెండు రోజుల్లో తీసేయాలనీ 2024లో జీమెయిల్, యాహూ నియమం తెచ్చాయి. తెలిసిన కంపెనీ అయితే ఆ బటన్ నొక్కండి. ముక్కూమొహం తెలియని మెయిల్ అయితే లోపలి లింకు నొక్కొద్దు, స్పామ్ అని గుర్తుపెట్టి వదిలేయండి.

రావిచెట్టు
ఇండియాలో డబ్బాలో పడే కాగితం అంత లేదు గానీ ఎస్సెమ్మెస్‌లూ కాల్స్ ఊపిరాడనివ్వవు. 1909కి చెప్పి డీఎన్‌డీ, అంటే ప్రకటనల కాల్స్, మెసేజ్‌లు వద్దనే నమోదు, పెట్టుకోవచ్చు. కాగితం విషయంలో ఒక్క మాట: షేర్లు ఉన్నవాళ్లు డీమ్యాట్ ఖాతాలో ఈమెయిల్ నమోదు చేసుకోండి. వార్షిక నివేదికలు ఈమెయిల్‌లో పంపొచ్చని కంపెనీల వ్యవహారాల శాఖ 2011లోనే అనుమతించింది. పుస్తకమంత లావు ఉంటాయవి, పది పేజీలు చదివేవాళ్లు కూడా తక్కువ.

నీలిసిరా
ఇంకో మాట విన్నాను. ముందే పోస్టేజీ కట్టిన రిప్లై కవరు వస్తుంది కదా, అందులో బరువైనదేదో పెట్టి పంపితే కంపెనీకి ఖర్చు పెరిగి బుద్ధొస్తుందట. చేయొచ్చా?

తపాలాబంధు
దయచేసి అలా చేయకండి. కవరుని ఇటుకకి అంటించి పంపినా దాన్ని తుక్కుగా పారేసే అధికారం పోస్టాఫీసుకి ఉంది. కంపెనీకి ఏమీ కాదు, ఆ బరువు మోసేది మావాళ్లే.

అచ్చుగది
ఆ రిప్లై కవరుకి మంచి వాడకం ఉంది. మీ అడ్రస్ పడిన ముక్క, పైన చెప్పిన కోడ్‌తో సహా కత్తిరించి, "లిస్టులోంచి తీసేయండి, ఎవరికీ అద్దెకివ్వకండి" అని రాసి అందులో పెట్టి పంపండి. తీసేయాల్సిన మనిషికి కావాల్సినవన్నీ ఆ ముక్కలో ఉంటాయి. మా దగ్గరికి ఇలా వచ్చినవి త్వరగా తేలిపోయేవి.

చెట్టునీడ
మూడు నెలల తర్వాత మళ్లీ రాస్తున్నాను. క్రెడిట్ కార్డు కవర్లు దాదాపు ఆగిపోయాయి. డీఎంఏఛాయిస్‌లో చేరాను, చిన్న రుసుము ఉంది, 10 ఏళ్లు పనిచేస్తుంది. కేటలాగులకి కేటలాగ్ ఛాయిస్ అనే ఉచిత సేవ వాడాను, అది లాభాపేక్ష లేనిది. ఏ కేటలాగు వద్దో ఎంచుకుంటే వాళ్లే కంపెనీకి చెబుతారు. విరాళాల విషయంలో పద్ధతి మార్చాను. పది చోట్ల కొంచెం కొంచెం ఇవ్వకుండా, నమ్మకమున్న రెండు సంస్థలకే, "నా పేరు ఎవరికీ ఇవ్వొద్దు" అని రాసి ఇస్తున్నాను.

ఇంకా ఆగనిది వారం వారం వచ్చే కూపన్ల కట్ట.

అచ్చుగది
చాలా సంతోషమండీ. ఆ కట్టలు పంపే పెద్ద కంపెనీల సైట్లలో తొలగింపు ఫారం ఉంటుంది, పేజీ అడుగున చిన్న అక్షరాల్లో వెతకండి. వాళ్లు పేరుతో కాదు, అడ్రస్‌తో తీస్తారు. కాబట్టి కట్ట మీద అడ్రస్ ఎలా అచ్చయిందో అపార్ట్‌మెంట్ నంబరుతో సహా అలాగే కొట్టండి. ఇల్లు మారితే కొత్త అడ్రస్‌కి మళ్లీ చేయాలి.

మల్లెపందిరి
మామయ్యగారి పేరు నమోదు చేశాను. రెండు సంస్థలు ఫోన్‌లో క్షమాపణ చెప్పి మరీ తీసేశాయి. కోడ్ చెప్పగానే ఒకావిడ పేరు ఎక్కడి నుంచి వచ్చిందో వెంటనే చెప్పింది, ఎప్పుడో ఆయన నింపి పంపిన ఒక వారంటీ కార్డు. ఆ కంపెనీకి కూడా రాశాను. వారంటీ కార్డుల్లో వయసు, ఆదాయం, ఇష్టాలు అడుగుతారు కదా, అవి నింపకపోయినా వారంటీ చెల్లుతుందా? తెలిసినవాళ్లు చెప్పండి.

అచ్చుగది
మామూలుగా కొన్న రసీదు ఉంటే చాలమ్మా. రీకాల్ (లోపమున్న వస్తువుని కంపెనీ వెనక్కి తీసుకోవడం) సమాచారం కోసం నమోదు చేయాలనుకుంటే పేరు, అడ్రస్, మోడల్ నంబరు ఇవ్వండి. మిగతా గడులు ఖాళీగా వదిలేయండి.